ఇటుకపొడి కలిసిన మడి

చలి వెనక్కి తగ్గిందన్న సంగతి ఆ ఇంట్లో అందరికన్నా ముందు పెరటి తలుపుకి తెలిసేది. శీతాకాలమంతా తడికి ఉబ్బిపోయి, భుజం ఆనించి తోస్తే తప్ప కదలని తలుపు, ఒకరోజు పొద్దున్న బుజ్జి అరచేత్తో నెడితేనే తెరుచుకుంది.

"అత్తా, తలుపు అలక మానేసింది."

"అయితే పారలు దించమను మీ నాన్నని" అంది అక్క, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే.

బుజ్జికి ఆవిడ మేనత్త. బుజ్జి తండ్రికి అక్క. ఆ వీధిలో పాలవాడి దగ్గర్నుంచి ఉత్తరాలవాడి దాకా అందరికీ అక్కే కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అన్నేళ్ళు ఆ వేడి పక్కన నిలబడి నిలబడి వేళ్ళ కొసలు మొద్దుబారాయి. నీళ్ళు కాగాయో లేదో చూడాలన్నా వేలు కాదు, మణికట్టు ముంచి చూసుకునేది.

ఆ రోజు ఆదివారం. నలుగురూ పెరట్లోకి దిగారు. పోయినేడాది చిక్కుడు తీగలు ఎండిపోయి పందిరి కర్రలకి చుట్టుకునే ఉన్నాయి. వాటిని కోసి కుప్ప వెయ్యాలి. గోడవారన చలికాలమంతా మగ్గిన ఆకు ఎరువుని జల్లెడ పట్టాలి. విరిగిన కర్రలకి బదులు కొత్తవి పాతాలి. గట్లు కరిగిపోయిన చోట మళ్ళీ మట్టి ఎత్తాలి. బుజ్జికి గులకరాళ్ళు ఏరే పని ఇచ్చారు. అది మూడు రాళ్ళు ఏరి, నాలుగో రాయికి పేరు పెట్టి, దాంతో మాట్లాడుతూ కూర్చుంది.

తమ్ముడిది వీధి చివర చిన్న కొట్టు. కళ్ళజోళ్ళు బాగుచేస్తాడు. గోరంత మరమేకులు బిగించే చేతులకి పార పిడి ఎప్పుడూ కొత్తే.

"ఏమోయ్, నాలాంటి వాడి చేత చాకిరీ చేయించడం పాపం కాదూ?" అన్నాడు భార్యతో.

"మీ చేతికి పార ఇస్తే దానికీ ఓ జత అద్దాలు బిగిస్తారు. ఆకులు ఊడ్చండి చాలు" అంది మరదలు. ఆమె రొట్టెల భట్టీలో పిండి కలుపుతుంది. పిండి పొంగిందో, ఇంకా ఆగాలో గుడ్డ తియ్యకుండానే పైన చెయ్యి వేసి చెప్పగలదు.

పెరడు పెద్దదేం కాదు. నాలుగు మళ్ళు, నలుగురు మనుషులవి. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి మొదటి స్నానం నీళ్ళు ఎక్కడ పోస్తే అక్కడ మడి కట్టేవారు. ఇంటికి వచ్చినవాళ్ళకైతే వాళ్ళ చేతిపనికి సంబంధించినదేదో తెచ్చి మట్టిలో కలిపి మడి కట్టేవారు. మరదలు వచ్చినప్పుడు భట్టీ బూడిద రెండు తట్టలు తెచ్చింది. పోయినవాళ్ళ మడిలో మళ్ళీ ఏమీ వెయ్యరు. తొక్కి చదును చేసి పైన బండ పరుస్తారు. పెరటి తలుపు నుంచి నీళ్ళ కుళాయి దాకా అలాంటి బండలు మూడున్నాయి. మొదటిది నాన్న, రెండోది అమ్మ, కుళాయి కింద ఉన్నది అక్క భర్త మేస్త్రి. రోజూ సాయంత్రం బిందె కింద పెట్టి, కుళాయి తిప్పి, బిందె నిండేలోగా అక్క ఆ మూడో బండ మీద కళ్ళు మూసుకుని నిలబడి దణ్ణం పెట్టుకునేది. ముప్ఫై ఆరేళ్ళుగా ఒక్క సాయంత్రం తప్పలేదు. జ్వరం వచ్చిన రోజున గోడ పట్టుకుని వెళ్ళింది.

మడికి దాని మనిషి వెచ్చదనం ఉండేది. చలి విరిగాక మొదటి ఆదివారం ఇంట్లో పెద్ద ఆడమనిషి ఒక్కో మడిలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి చూసేది. పసిపిల్లల మళ్ళు కాక మీదున్నట్టు ఉండేవి. వయసు మళ్ళినవాళ్ళవి నులివెచ్చగా, పడుకుని లేచిన పక్కలా ఉండేవి. చల్లబడిన మడి తాలూకు మనిషి మాత్రం పెరటి తలుపు మళ్ళీ బిగుసుకునే రోజుదాకా ఉండడు. పాలు విరిగితే ముక్కుకి తెలిసినట్టే అదీ తెలిసేది. నాన్నది అలాగే తెలిసింది. అమ్మదీ అలాగే తెలిసింది. తన మడి చల్లబడిన ఏడాది అమ్మ పెట్టె సర్దుకుని, చీరలు పంచేసి, ఏడుస్తున్న వాళ్ళని "ముందు కలుపు పీకండి" అని కసిరింది.

అక్క మొదట తన మడి చూసింది. బాగానే ఉంది. వాళ్ళింటి ఆడవాళ్ళు ఎనభై దాటాక గానీ కదలరు. మరదలి మడి చూసింది. బుజ్జి మడిలో చెయ్యి పెట్టగానే నవ్వొచ్చింది, అంత వేడి. ఇంటి పిల్లి చలికాలమంతా దానిమీదే పడుకుంటుంది. ఆ తర్వాత తమ్ముడి మడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కుడిచెయ్యి దించింది.

తీసేసింది. తన చేతిదే తప్పనుకుంది. ఎడమచెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా పెట్టింది. అడుక్కి వెళ్ళేకొద్దీ ఇంకా చల్లగా ఉంది.

"ఏమక్కా, అంతా క్షేమమేనా?" తమ్ముడు గోడ దగ్గర్నుంచి కేకేశాడు. చీపురు మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. నలభై ఏడేళ్ళ వాడు. నవ్వితే ఇప్పటికీ పై పెదవి ఒక పక్కకే లేస్తుంది.

"అన్నీ వెచ్చగానే ఉన్నాయి" అంది అక్క.

అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వస్తుందని ఆవిడకి అంతకు ముందు తెలియదు. జల్లెడ పడుతున్న మరదలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ జల్లెడ ఊపింది. బుజ్జి మడి మీంచి పిల్లి లేచి, ఒళ్ళు విరుచుకుని, కుళాయి వైపు బయల్దేరింది. దారిలో తమ్ముడి మడి ఉంది. పిల్లి గట్టు దాకా వెళ్ళి, ముందుకాలు ఎత్తి, మడిలో దించకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది.

*

మధ్యాహ్నం తమ్ముడికి హుషారు పుట్టింది. పోయినేడాది తన చిక్కుళ్ళు గిడసబారి పోయాయట. అడుగున మట్టి గట్టిపడి వేళ్ళు దిగలేదట. ఈసారి రెండు పారల లోతు తవ్వుతానన్నాడు. ఆ పెరట్లో ఎవరూ ఒక పారని మించి తవ్వరు. పైన ఎరువు వేస్తూ పోవడమే తెలుసు.

"ఎందుకురా అంత లోతు? నుయ్యి తవ్వుతావా ఏం?" అంది అక్క. ఆ మడిని ఎవరూ కదపకుండా ఉంటే బావుండునని ఆవిడ బాధ.

"నువ్వు చూస్తుండు. ఈ ఏడు నా చిక్కుళ్ళు గోడ దూకి పక్కింటాయన పళ్ళెంలో పడతాయి."

సగం తవ్వాక పార ఆపి, వంగి, పిడికెడు మట్టి తీసి వెలుగులో పట్టుకున్నాడు. జేబులోంచి కొట్లో వాడే భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు.

"అక్కా, ఇదేమిటి? అడుగంతా ఎర్ర రజను. ఇటుకపొడిలా ఉంది. నా మడిలోకి ఇటుకపొడి ఎలా వచ్చింది?"

ఆ పెరట్లో ఇటుకపొడి కలిసిన మడి ఒక్కటే ఉండేది. ఇల్లరికం వచ్చిన రోజున మేస్త్రి తన చేత్తో మొదటిసారి కట్టిన గోడలోంచి విరిగిన ఇటుకలు తెచ్చి, రోట్లో దంచి, మూడు తట్టలు కలిపాడు. "ఇదేం పిచ్చయ్యా, మట్టి పాడైపోదూ" అని అమ్మ అంటే, "నేనిచ్చేది ఇదేనండీ అత్తయ్యా, వేరే ఏముంది నా దగ్గర" అని నవ్వాడు. అప్పుడు అక్కకి ఇరవయ్యో ఏడు. రోట్లో ఆ ఎరుపు పోవడానికి నెల పట్టింది.

"ఎవరి ఇటుక అత్తా?" అంది బుజ్జి.

"పాత గోడదై ఉంటుందమ్మా" అంది అక్క. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

ఆవిడ చేతులు తుడుచుకుని అమ్మ బండ మీద కూర్చుంది. మేస్త్రి పోయిన ఏడాది తమ్ముడికి పదకొండేళ్ళు. చలికాలమంతా జ్వరంతో పడుకున్నాడు. తలుపు తెరుచుకున్న ఆదివారం అమ్మ మళ్ళన్నీ చూసి "అన్నీ వెచ్చగానే ఉన్నాయి" అంది. ఆ వారంలోనే అక్కా మేస్త్రీ రెండు రోజులు వేరే ఊళ్ళో పెళ్ళికి వెళ్ళారు. వచ్చేసరికి పెరడంతా గీత గీసినట్టు చదునుగా ఉంది. "నీకు నడుం నొప్పి కదా, నేనే సర్దేశాను" అంది అమ్మ. ఆవిడ గోళ్ళలో ఎరుపు ఉంది. గోరింటాకు అనుకుంది అక్క. యాభై దాటిన మనిషికి గోరింటాకు ఎక్కడిదని అప్పుడు తోచలేదు.

ఎండలు ముదిరాక మేస్త్రి పరంజా మీంచి పడ్డాడు. ప్రతి తాడుకీ రెండు ముళ్ళు వేసే మనిషి. పైకెక్కే ముందు ప్రతి కర్రా తన్ని చూసుకునే మనిషి. తోటిపనివాళ్ళకి నమ్మబుద్ధి కాలేదు. అమ్మ ఒక్కతే ఆశ్చర్యపోలేదు. అక్క ఏడుస్తుంటే తలెత్తి కళ్ళలోకి చూడలేదు కూడా. తమ్ముడికి జ్వరం తగ్గింది. ఆ శీతాకాలానికి నాలుగంగుళాలు పొడుగు సాగాడు.

చాలా ఏళ్ళ తర్వాత, చిక్కుడు గింజలు ఏరుతూ అమ్మ ఒక మాట అంది. "గింజ పడేదాకా మట్టి ఎటు కదిలిస్తే ప్రాణం అటు కదులుతుందే. గింజ పడ్డాక ఇక దేవుడు కూడా కదపడు." ఆ మాట అప్పుడెందుకన్నదో అక్కకి అర్థం కాలేదు. పెద్దావిడ, ఏదో అంటోందిలే అనుకుంది.

అంటే కుళాయి దగ్గరి బండ కింద ఉన్నది మేస్త్రి మట్టి కాదు. తమ్ముడి చల్లబడిన మట్టి. ముప్ఫై ఆరేళ్ళ దణ్ణాలన్నీ దాని మీద పెట్టుకుంది.

ఆ సాయంత్రం బిందె నిండి, పొంగి, నీళ్ళు కాళ్ళ మీదుగా పారుతున్నా అక్క బండ పక్కనే నిలబడి ఉంది. దాని మీద కాలు పెట్టలేకపోయింది.

*

సోమవారం ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిడకి ఇంకో సంగతి తోచింది. వేడి దుప్పటి సగం మడిచి అలాగే ఆగిపోయింది.

తమ్ముడు ఇన్నేళ్ళూ బతికింది మేస్త్రి మట్టి మీద. ఆ మట్టి ఇప్పుడు చల్లబడింది. అంటే మేస్త్రి వాటా ఇప్పటికి అయిపోయింది. ఎవరూ ముట్టుకోకుండా ఉండి ఉంటే ఆయన ఈ ఏడాది దాకా ఉండేవాడు. తలలో ఒక్క నల్ల వెంట్రుక లేకుండా, పొద్దున్నే దగ్గుకుంటూ, ఆ తలుపుని భుజంతో తోస్తూ ఉండేవాడు. అక్కకి అరవై వచ్చేదాకా తోడుండేవాడు. పిల్లలుండేవారేమో. ఆ ఏళ్ళన్నీ ఎక్కడికో పోలేదు. రోజూ ఒకే భోజనాల బల్ల దగ్గర ఆవిడకి ఎదురుగా కూర్చుని, ఉప్పు తక్కువైందని వంక పెడుతూ అన్నం తిన్నాయి.

"ఏంటక్కా, దుప్పటి మాడుతోంది" అంది పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ.

అక్క ఇస్త్రీపెట్టె ఎత్తింది. తెల్ల గుడ్డ మీద గోధుమరంగు మచ్చ. ఇన్నేళ్ళలో అదే మొదటిది.

విత్తనాలు వేసేది వచ్చే ఆదివారం. అప్పటిదాకా మట్టి కదులుతుంది. తన మట్టి తమ్ముడి మడిలో వేసి, వాడిది తన మడిలో వేసుకుంటే చాలు. వాళ్ళింటి ఆడవాళ్ళ లెక్కన వాడికి ఇంకో ఇరవై పాతికేళ్ళు. చెయ్యాలి. ఎత్తుకుని పెంచినవాడు. వాడికేం తెలుసు, అప్పటికి పదకొండేళ్ళ పిల్లాడు. వాడికి తొమ్మిదేళ్ళ కూతురుంది. చెయ్యాలి, నిజమే. కానీ ఇంకోసారి కూడా నా దగ్గర్నుంచేనా స్వామీ, అని అడిగింది. ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. పక్కన ఆవిరి బుస్సుమంది.

బుధవారం సాయంత్రం మరదలు వంటింటి గడపలో నిలబడింది. జుట్టులో పిండి ఉంది.

"వదినా, ఆయన మడి చల్లగా ఉంది కదూ."

"పాలు చూడు, పొంగుతాయి."

"నేను చెయ్యి పెట్టి చూశాను. పిల్లి తప్పుకుని వెళ్ళింది చూశారుగా. రోజూ పిండిలో చేతులు పెట్టేదాన్ని, నాకు తెలీదా?" గొంతు తగ్గించింది. "ఆ ఇటుక ఎవరిదో కూడా తెలుసు. పెళ్ళైన కొత్తల్లో మీరే చెప్పారు, అన్నయ్యగారు రోట్లో దంచారని. ఆ మట్టి ఈయన మడిలోకి దానంతటది నడిచి రాలేదుగా."

అక్క పొయ్యి తగ్గించింది.

"నా మట్టి ఇస్తాను" అంది మరదలు.

"ఆ మాట ఇంకోసారి అనకు. బుజ్జికి తొమ్మిదేళ్ళు. రాత్రి జడ వేసుకోకపోతే పొద్దున దాని తల దువ్వేదెవరు?"

మరదలు అక్కడే నిలబడింది. అక్క ఇంకేదో అంటుందని చూసింది. అక్కకి ఆ చూపు తెలుసు. ఆసుపత్రి వరండాల్లో, డాక్టరు గది తలుపుల బయట, ఆ చూపుతో మనుషులు నిలబడి ఉంటారు. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట ఆవిడ నోటి దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"ఆదివారం దాకా ఆగు. నన్ను కాస్త ఆలోచించుకోనీ అమ్మాయ్."

"సరే వదినా" అంది మరదలు. పాలు దించి పక్కన పెట్టి, పాత్ర మీద మూత సరిచేసి వెళ్ళింది.

శుక్రవారం తమ్ముడు కొట్టు నుంచి వస్తూ అక్కకి కొత్త కళ్ళజోడు తెచ్చాడు. ఎవరో తెచ్చిచ్చి, మళ్ళీ రాని పాత ఫ్రేము. తుడిచి, మరమేకులు మార్చి, ఆవిడ చూపుకి తగ్గ అద్దాలు వేశాడు.

"గింజలకి మొలక కన్ను ఉందో లేదో కనిపించక పోయినేడు సగం తాలు గింజలు వేశావు. ఇది పెట్టుకుని వెయ్యి" అన్నాడు. దగ్గరగా కూర్చుని, చెవుల వెనక కాడలు వంచి సరిచేశాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"చలేస్తోందిరా నీకు?"

"లేదే. రెండ్రోజులుగా మెట్లెక్కితే ఆయాసం. భోజనం మానేస్తే తగ్గుతుందంటోంది మీ మరదలు. నీ తిండి సగం నేనే తింటున్నానట."

అక్కకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కళ్ళజోడులోంచి తమ్ముడి మొహం మొట్టమొదటిసారి అంత స్పష్టంగా కనిపించింది. కణతల దగ్గర నరాలు, పెదవి పక్కన చిన్నప్పుడు కుళాయి తగిలిన మచ్చ. ఆ దెబ్బ తగిలినప్పుడు వాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తింది మేస్త్రే.

*

శనివారం అక్కకి మధ్యాహ్నం డ్యూటీ. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. తమ్ముడు కొట్లోనే ఉన్నాడు. బుజ్జి అరుగు మీద లెక్కలు చేసుకుంటోంది.

పెరడు గీత గీసినట్టు చదునుగా ఉంది. గట్లు ఎత్తి, మూలలు సరిచేసి, పైన జల్లెడ పట్టిన ఎరువు పల్చగా పరిచి ఉంది. పారలు కడిగి గోడకి ఆనించి ఉన్నాయి. మరదలు కుళాయి దగ్గర చేతులు తోముకుంటోంది, పీచు పెట్టి.

"మీకు నడుం నొప్పి కదా. నేనే సర్దేశాను వదినా."

అక్క ఆమె చేతుల వంక చూడలేదు. చూడాల్సిన పని లేదు. లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకుంది. పెట్టెలో విత్తనాల పొట్లాలు వెతికి తీసింది. రాత్రి అన్నం తినేటప్పుడు తమ్ముడు ఉప్పు తక్కువైందన్నాడు. ఆవిడ ఉప్పు డబ్బా అందించింది.

పొద్దున్నే అందరికన్నా ముందు పెరట్లోకి వెళ్ళింది. మంచు ఆరుతోంది. పిల్లి తమ్ముడి మడి మీద, ముక్కు తోకలో దాచుకుని, హాయిగా నిద్రపోతోంది. అక్క తన మడి దగ్గర కూర్చుంది. కొత్త కళ్ళజోడు పెట్టుకుంది. పైన పరిచిన ఎరువు వేలితో పక్కకి జరిపింది. కింద మట్టిలో ఎర్ర రజను. అద్దాల్లోంచి ఒక్కొక్క పలుకూ విడిగా కనిపిస్తోంది. వాటిలో ఒకటి గోరంత ఉంది, ఒక పక్క నున్నగా, ఒక పక్క సున్నంతో.

మణికట్టు దాకా చెయ్యి దించింది. చల్లగా ఉంది. ఎంత చల్లగా ఉంటుందో ఆవిడకి ముందే తెలుసు కాబట్టి ఈసారి చెయ్యి తియ్యలేదు.

వెనక అడుగుల చప్పుడైంది. మరదలు వచ్చి నాలుగడుగుల దూరంలో ఆగింది. రాత్రంతా నిద్ర లేనట్టుంది.

"అడిగి ఉండాల్సింది అమ్మాయ్" అంది అక్క, వెనక్కి తిరక్కుండా.

"అడిగితే ఇచ్చేవారా?"

పిల్లి లేచి, పక్క మార్చుకుని, మళ్ళీ పడుకుంది.

"ఏమో. అడిగుంటే అది నాకూ తెలిసేది."

"నన్ను తిట్టండి వదినా. కొట్టండి. ఇంకా గింజ పడలేదు, కావాలంటే ఇప్పుడే మళ్ళీ మార్చేస్తాను. తట్ట ఇక్కడే ఉంది." మార్చేస్తానంటోంది గానీ కాళ్ళు ఉన్నచోటునే ఉన్నాయి.

అమ్మ కూడా ఇలాగే నిలబడి ఉంటుంది, అనుకుంది అక్క. పెళ్ళి నుంచి వచ్చి, నవ్వుతూ తలుపు తోసుకుని లోపలికి వస్తున్న ఇద్దర్ని చూస్తూ, చేతులు వెనక్కి పెట్టుకుని. ఒక్క మాటంటే మార్చేసేదేమో. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరికీ తెలియదు కాబట్టి.

ఇప్పుడు తనకి తెలుసు. తట్ట ఉంది, పార ఉంది, గంట పని. అవతల మడి మీద పిల్లి నిద్రపోతోంది.

మట్టిలో ఉన్న చెయ్యి నెమ్మదిగా పిడికిలి బిగించింది. మేస్త్రి సాయంత్రాలు పని నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, వెనక నుంచి ఆవిడ మెడ మీద చెయ్యి వేసేవాడు, ఉలిక్కిపడుతుందని. రోజంతా తడి సున్నంలో నానిన చెయ్యి. ఎండాకాలంలో కూడా చల్లగానే ఉండేది. చల్లగా, కాస్త గరుగ్గా, అచ్చం ఇలాగే. ముప్ఫై ఆరేళ్ళలో ఆవిడ ఆ మట్టిని ఆయనదని తెలిసి ముట్టుకోవడం ఇదే. పక్క మడిలోనే ఉంది ఇన్నాళ్ళూ. నీళ్ళు పోసింది. కలుపు తీసింది. దాని చిక్కుళ్ళు కోసి వండింది.

"వచ్చే ఏడు చూడాల్సింది నువ్వే" అంది అక్క. "ఇంటికి పెద్ద ఆడమనిషివి నువ్వే అవుతావు. నీ చెయ్యి నాకన్నా నయం. ఎవరిది చల్లగా ఉన్నా ముందు వాళ్ళకి చెప్పు. ఇంకెవరిదైనా తీసుకోవాలనిపిస్తే, ఆ రెండోవాళ్ళని కూర్చోబెట్టి అడుగు. ఇవ్వనంటే విని వచ్చెయ్. బుజ్జికీ అదే నేర్పు. మా అమ్మ నాకు నేర్పలేదు."

మరదలు మట్టిలో కూలబడి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. ఏడుపు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క ఆమెని ఓదార్చలేదు. కసరలేదు. అందుకు కావలసినది ఆవిడ దగ్గర ఆ పొద్దున లేదు. పొట్లం విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని, కళ్ళజోడు సర్దుకుని, మొలక కన్ను ఉన్నవాటిని ఒకటొకటిగా ఏరింది.

పెరటి తలుపు తెరుచుకుంది. తమ్ముడు టీ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. బుగ్గల మీద రంగు వచ్చింది. వెనక బుజ్జి, దాని చేతిలో పేరున్న రాయి.

"రాత్రి దుంగలా పడి నిద్రపోయానక్కా. ఆయాసం గీయాసం ఏం లేదు" అన్నాడు. "ఇదేంటి, ఏడుస్తోంది?"

"కంట్లో మట్టి పడింది" అంది అక్క.

"భూతద్దం తేనా?"

"అక్కర్లేదు. కడుక్కుంటే పోతుంది. నువ్వు నీ మడి సంగతి చూసుకో. పిల్లిని లేపి గింజలు వెయ్యి."

"ముందు నువ్వు వెయ్యి. పెద్దదానివి." గ్లాసులు గట్టు మీద పెట్టాడు. "అన్నీ వెచ్చగానే ఉన్నాయా మరి?"

"ఉన్నాయిరా."

అక్క వేలితో ఎర్ర మట్టిలో కన్నం చేసి, మొదటి గింజ వేసి, మట్టి కప్పి, అరచేత్తో అదిమింది. మరదలు తలెత్తి చూసింది. ఇక కదిపేవాళ్ళు లేరు. అక్క జానెడు జరిగి రెండో కన్నం చేసింది.

మధ్యాహ్నానికి నాలుగు మళ్ళలోనూ విత్తనాలు వేశారు. తమ్ముడు చిక్కుడు పందిరికి కర్రలు పాతాడు. బుజ్జి తన రాయిని తన మడికి కాపలా పెట్టింది. సాయంత్రం అక్క బిందె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. మూడో బండ మీద బిందె పెట్టి, కుళాయి తిప్పి, అక్కడ ఆగకుండా తన మడి దాకా నడిచింది. గట్టు పక్కన నిలబడి కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. వెనక బిందె నిండుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇన్నేళ్ళలో ఈ ఒక్కరోజే దణ్ణం చోటు తప్పలేదు.